రెండు బిస్కెట్ రంగులు

వరంగల్,
డిసెంబర్ మొదటి వారం.

సుల్తానాకు,

పార్సిల్ అందింది. పైన నువ్వు కుట్టాల్సిన జాకెట్ల నమూనా ముక్కలు, కింద నీ బిడ్డ ఐమన్ పంపిన పెట్టె. ముందు ఏది విప్పానో నేను చెప్పక్కర్లేదు.

హైదరాబాదులో మాల్‌లో మేకప్ సామాన్ల కౌంటర్ దగ్గర పొద్దంతా నిలబడే పిల్ల, అమ్మకొకటి, 'సావిత్రి ఖాలా' అని పిలిచే ఈ పిన్నికొకటి అని గుర్తుపెట్టుకుని పంపింది చూడు, దానికే నా కడుపు నిండింది. కానీ యాభై ఆరేళ్ళ దాన్ని కంటి రెప్పలకు రంగేసుకోమంటుందేమే! పెట్టె మీద బంగారు నక్షత్రాలు, మంచు పూలు, అంతా మెరుపులే. 'హాలిడే లిమిటెడ్ ఎడిషన్' అని రాసి ఉంది. అంటే ఏమిటని మా కోడలు మానసను అడిగాను. "అయిపోతే మళ్ల దొరకదన్నట్టు అత్తమ్మా. గందుకే రేటెక్కువ" అన్నది. మా కొట్లో తాను చివర మిగిలిన ముక్కను కటింగ్ పీసని సగం ధరకిచ్చి వదిలించుకుంటాం. ఇన్నేళ్ళు మ్యాచింగ్ సెంటర్ నడిపి నేనేం నేర్చుకున్నట్టు!

రంగులకు వాళ్ళు పెట్టిన పేర్లు చదివితే నవ్వాగలేదు. వింటర్ కిస్ అట. మిడ్‌నైట్ కరోల్ అట. రేపు ఎవరన్నా గిరాకీ వచ్చి "అక్కా, వింటర్ కిస్ లైనింగ్ ఒక మీటర్ ఇయ్యి" అంటే నేను ఏ తాను దించాలి? అందుకని మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని అన్నిటికీ మన పేర్లు పెట్టాను. పై వరుసలో నెమలికంఠం, రామా గ్రీన్, చిలకపచ్చ, రాణి, వంకాయ. నడిమి వరుసలో ఇటుక, మెంతి, ఉల్లిపొర, అట్లా. ఒక్కటి మాత్రం ఐమన్‌కు చెప్పు. కింది వరుసలో మూడోది, నాలుగోది రెండూ ఒకటే బిస్కెట్ రంగు. పద్దెనిమిది రంగులని చెప్పి పదిహేడే ఇచ్చారు. పిల్లను మోసం చేశారు.

కొట్టు సంగతి అడిగావు. నడుస్తోంది. మానస ఉన్న ట్యూబులైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టించింది, అప్పటినుంచి నాకు చిరాకే. ఆ వెలుగులో ఏ రంగు చూసినా వెలిసినట్టే ఉంటుంది. మొన్న కాశిబుగ్గ నుంచి ఒకామె చీర ఫాల్ వాపస్ తెచ్చింది. "కొట్ల మంచిగనే కొట్టింది, ఇంటికి పోయి చూస్తే వేరే ఉన్నది" అన్నది. లైట్లను తిట్టి వేరేది ఇచ్చి పంపాను. ఇప్పుడు మానసకు ఇంకో ఆలోచన వచ్చింది. రంగులన్నిటికీ నంబర్లు వేసి, అట్టలకు ముక్కలు అంటించి, కౌంటర్ మీద పెడదామంటుంది. గిరాకీలే చూసుకుని నంబరు చెప్తారట. మరి నేనెందుకు ఇక్కడ? బొమ్మలాగా కూర్చోవడానికా? నేను చీర అంచు చూసి వెనక్కి తిరక్కుండా చెయ్యి చాపి తాను లాగేదాన్ని. నీకు తెలుసు కదా.

సరే, ఐమన్ పెళ్ళి బట్టల నమూనాలు ఎప్పుడు పంపుతావు? రంజాన్ అయిపోగానే నిఖా అన్నావు. ఇప్పటినుంచే చూసిపెట్టాలి.

నువ్వు ముందు ఆ రంగులు వేసుకుని ఎట్లుందో రాయి. నేను ఆ తర్వాత వేసుకుంటాను. నవ్వులపాలైతే ముందు నువ్వు కావాలి.

నీ
సావిత్రి


నర్సంపేట,
డిసెంబర్ నడిమి వారం.

సావిత్రీ, సలాం.

నువ్వు చెప్పినట్టే ముందు నేనే నవ్వులపాలయ్యాను.

నాకు పుట్టినప్పటినుంచి తెలిసింది కాటుకలాగా పెట్టుకునే సుర్మా ఒక్కటే. ఈ పెట్టెతో వచ్చిన బుల్లి కుంచె ఎట్లా పట్టుకోవాలో తెలియక మిషన్‌కు నూనె వేసే బ్రష్ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. నువ్వు చిలకపచ్చ అన్నావే, అది వేసుకున్నాను. బాగానే ఉందనుకుని మిషన్ మీద కూర్చున్నాను. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన సారలమ్మ నన్ను చూసి, "ఏమైంది సుల్తానక్కా, జొరమొచ్చిందా? కండ్లెంబడి పసరు కారుతాంది" అన్నది. తుడుచుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను.

సాయంత్రం పట్టుదల వచ్చి బంగారు రంగు కొంచెమే, రెప్ప అంచుకు జరీ అంచు వేసినట్టు సన్నగా వేసుకున్నాను. ఈయన దుకాణం నుంచి వచ్చి, చాయ్ తాగుతూ నన్నే చూస్తున్నాడు. "ఏందట్ల చూస్తాన్నరు?" అంటే, "ఏం లేదు. ఇయ్యాల ఇంట్ల లైటెక్కువున్నది" అన్నాడు. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయింది, గౌస్ పాషా నోటినుంచి ఇట్లాంటి మాట ఎన్నడూ వినలేదు. ఇంకో కప్పు చాయ్ పోశాను. ఇక రోజూ వేసుకుందామనుకుంటున్నాను, ఎవరేమన్నా సరే.

నువ్వు పంపిన లైనింగులు అందాయి. అన్నీ మంచిగున్నాయి.

రెండు బిస్కెట్ రంగుల సంగతి ఐమన్‌కు చెప్పాను. "కాదమ్మీ, పద్దెనిమిది వేరువేరే" అంటున్నది. నా పెట్టెలోనైతే ఆ రెండూ ఒకటి కావు. మూడోది బిస్కెటే. నాలుగోది కొంచెం వేరు. నువ్వు జర బయట ఎండలో పెట్టి చూడు. లైట్ల కింద కాదు, ఎండలో.

పెళ్ళి బట్టలకు తొందరేముంది? ఇంకా చాలా టైమున్నది. నువ్వు వాటి ఫికర్ పెట్టుకోకు. చలి ఎక్కువున్నది, పొద్దున్నే చన్నీళ్ళు పోసుకోకు.

నీ
సుల్తానా


వరంగల్,
జనవరి మొదటి వారం.

సుల్తానాకు,

ఎండలో పెట్టి చూశాను. రెండూ బిస్కెట్టే. నీ పెట్టె మంచిది వచ్చింది, నాకు డూప్లికేట్ తగలగట్టారు. అది రుజువైంది కూడా. విను.

కొత్త సంవత్సరానికి మా సంఘం ఆడవాళ్ళందరం ఫంక్షన్ హాల్లో కలిశాం. ఆటలు, పాటలు, భోజనాలు. నెమలికంఠం పట్టుచీర కట్టుకుందామనుకున్నాను కాబట్టి కళ్ళకు కూడా నెమలికంఠమే వేయాలని పొద్దున్నే అద్దం ముందు కూర్చున్నాను. మ్యాచింగ్ సెంటర్ సావిత్రి మ్యాచింగ్ లేకుండా పోతుందా!

ముందు ఎడమ కన్ను మూసుకుని ఎడమ రెప్పకు వేశాను. రెండు గీతలకే చక్కగా పట్టింది. నా చెయ్యి నేనే మెచ్చుకున్నాను. తర్వాత కుడి కన్ను మూసుకుని కుడి రెప్పకు మొదలుపెట్టాను. పట్టదు. ఎంత వేసినా బూడిద రాసినట్టే ఉంది. ఇంకోసారి వేశాను. ఇంకోసారి. గోడకు సున్నం వేసినట్టు వేస్తే తప్ప ఎడమదానికి సమానం కాలేదు. చెయ్యి నొప్పి పుట్టింది. అయినా రెండూ ఒక్కతీరుగా చేసే లేచాను, నన్ను నమ్ము.

బయటికొస్తే మా ఆయన పేపరు దించి, "ఏందే సావిత్రీ, ఎవలన్న గుద్దిండ్రా?" అన్నాడు. ఆయనకేం తెలుసని పట్టించుకోలేదు. హాల్లో అడుగుపెట్టగానే ఒకామె పకపకా నవ్వి, "నీ ఒక కన్ను పెండ్లికొచ్చింది, ఇంకో కన్ను రేషన్ షాపుకు పోతాంది" అన్నది. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? మానస ఫోటో తీసి ఐమన్‌కు పంపింది. ఆ ఫోటో చిన్నగా ఉంది, నాకైతే తేడా ఏమీ కనబడలేదు. ఇంటికొచ్చి మాత్రం మొహం రుద్ది రుద్ది కడుక్కున్నాను. రంగుల్లో నన్నెవరూ ఇట్లా ఎన్నడూ నవ్వలేదు సుల్తానా.

అసలు బాధ ఇంకోటి ఉంది. దాచి లాభం లేదు, అడిగేస్తాను. ఫోటో చూసి ఐమన్ ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెప్పింది. నిఖాకు ఎరుపు, మర్నాటి వలీమా విందుకు వేరే రంగు నెట్టు, దానికి లైనింగ్ కావాలని, ఆ బట్ట కొని నవంబర్‌లోనే నీకు ఇచ్చానని. నవంబర్‌లో! నువ్వు నాకు రెండు పార్సిళ్ళు పంపావు ఆ తర్వాత. ఊళ్ళోవాళ్ళ జాకెట్లన్నిటికీ ముక్కలు వచ్చాయి. నా ఐమన్ బట్టకు రాలేదు. అది పుట్టినప్పుడు మొదటి గౌనుకు గుడ్డ నా కొట్లోంచే పోయింది. వలీమాకు లైనింగ్ ఇంకెవరి కొట్లో తీసుకుందామనుకున్నావు? నేనేం తప్పు చేశాను?

సూటిగా జవాబు రాయి. టైమున్నది, ఫికర్ పెట్టుకోకు అని రాయకు.

సావిత్రి


నర్సంపేట,
జనవరి నడిమి వారం.

సావిత్రీ,

సూటిగానే రాస్తున్నాను. నీకు కోపం వస్తుంది. వచ్చినా చివరిదాకా చదువు.

ఈయన ఫోన్లో నీ ఫోటో చూశాను. ముందు నవ్వాను, అబద్ధం ఎందుకు. నీ కుడి రెప్ప మీద యక్షగానం వేషానికి వేసినంత రంగున్నది. ఎడమ రెప్ప మీద చక్కగా, సన్నగా, ఎవరో నేర్పరి వేసినట్టున్నది. రెండూ నీ చెయ్యే. రెండూ ఒకటే డబ్బాలోవి. మరి ఎందుకిట్లా అయిందని నీ ఉత్తరం పక్కన పెట్టుకుని నేనూ అద్దం ముందు కూర్చున్నాను. నువ్వు రాసినట్టే చేశాను. ఎడమ కన్ను మూసుకున్నాను, ఎడమ రెప్పకు వేశాను. అప్పుడు నేను చూసింది కుడి కంటితో. కుడి కన్ను మూసుకుని కుడి రెప్పకు వేశాను. అప్పుడు చూసింది ఎడమ కంటితో.

డబ్బా డూప్లికేట్ కాదే. నీ కుడి కన్ను చూస్తూ వేసింది బాగున్నది. నీ ఎడమ కన్ను చూస్తూ వేసింది పాడైంది. నీ ఎడమ కంటికి ఆ రంగు కనబడలేదు. అందుకే పూసిందే పూశావు.

మా అమ్మకు కంట్లో పొర కమ్మి మోతిబిందు వచ్చినప్పుడు ఇట్లనే ఉండేది. తెల్ల దుప్పటి తెచ్చిస్తే, "మాసింది తెచ్చినవేందే" అని నన్ను తిట్టేది. నీకూ అదే అయుంటుందని నాకు ఫోటో చూశాకే కాదు, దసరా అప్పటినుంచి అనుమానమున్నది. నువ్వు పంపే లైనింగుల్లో నీలాలు, వంగపూలు తేడా వస్తున్నాయి. సారలమ్మ జాకెట్‌కు వంగపూవు నమూనా పంపితే కాఫీ రంగు వచ్చింది. నేను ఇక్కడి బజార్లో వేరేది తీసుకుని కుట్టిచ్చాను. అన్నీ మంచిగున్నాయని నీకు రాశాను. ఎట్లా చెప్పాలె? నువ్వింకా ఆ ఇంటి కోడలివి కాకముందే మనం బడి ఎగ్గొట్టి ఆ కొట్టుకు పోతే, నువ్వు ఊరికే నిలబడి ఆ రంగులు చూసేదానివి. అప్పటినుంచి రంగంటే నువ్వే నాకు.

వలీమా బట్ట లావెండర్ రంగు. లేత వంగపూవు. పైన నెట్టు, కింద సాటిన్ లైనింగ్. నెట్టులోంచి లైనింగ్ రంగే కనబడుతుంది, తేడా వస్తే బట్టంతా పాడు. నీకు పంపితే నువ్వు వేరే రంగు ఇస్తావు, నేను వాడలేను, నా బిడ్డ వలీమా నాడు నీ లైనింగ్ లేదని నీకు తెలిసిపోతుంది. ఆ భయానికే బీరువాలో దాచాను.

కంటి దవాఖానకు పోదాం. నేనొస్తాను తోడుగా. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రానికి తిరిగొస్తాను. మోతిబిందు అంటే ఇప్పుడు ఏమీ కాదు, తీసేస్తారు, అంతే.

నీ
సుల్తానా


వరంగల్,
జనవరి చివర.

సుల్తానాకు,

రూబియా లైనింగ్ గుడ్డ మూడు మీటర్లు, ఫాల్స్ రెండు పంపుతున్నాను. రంగులు మానస చూసింది, నేను కాదు. నచ్చకపోతే మీ నర్సంపేట బజార్లోనే తీసుకో. నీకు అలవాటే కదా.

సావిత్రి


నర్సంపేట,
ఫిబ్రవరి మొదటి వారం.

సావిత్రీ,

నీ రెండు ముక్కల ఉత్తరం చదివి ఆ పూట అన్నం దిగలేదు. ఈయన, "ఒక ఫోన్ జెయ్యరాదా" అన్నాడు. ఫోన్‌లో నువ్వు హలో అనగానే నీకు గిరాకీ వస్తుంది, నాకు ఏడుపు వస్తుంది. ఇందుకే మనం పార్సిళ్ళలో ఉత్తరాలు పెట్టుకునేది.

నిన్ను బతిమాలను. ఇందులో వలీమా బట్ట ముక్క పెడుతున్నాను. దీనికి లైనింగ్ నీ చేత్తోనే రావాలి. నువ్వు ఎప్పుడిస్తే అప్పుడు. నువ్వు ఇచ్చేదాకా ఆ బట్టకు కత్తెర ముట్టించను. ఐమన్‌కు కూడా చెప్పేశాను. "ఖాలా ఇయ్యకపోతే ఎట్ల అమ్మీ?" అని అడిగింది. ఎరుపు బట్టలే రెండు రోజులూ కట్టుకొమ్మన్నాను. "సరే అమ్మీ" అన్నది. నా బిడ్డ అది.

నీ
సుల్తానా


వరంగల్,
మార్చి మొదటి వారం.

నా సుల్తానాకు,

నల్లద్దాలు పెట్టుకుని రాస్తున్నాను. గీతలు వంకర పోతే కుట్టేదానివి నువ్వు, సరిచేసుకో.

నీ చివరి ఉత్తరం వచ్చిన రోజు నీమీద నాకు కోపం తగ్గలేదు. కవరు దులిపితే ముక్క కింద పడింది. తీసి చూసి, లావెండర్ అని రాసి గంధం రంగు ముక్క పెట్టిందేమిటి, దీనికే కళ్ళు పోయినట్టున్నాయి అనుకున్నాను. ఐమన్ పెట్టె కౌంటర్ కిందే ఉంది. తీసి పక్కన పెట్టాను. అచ్చం నా రెండో బిస్కెట్ రంగు. ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారా అనిపించింది. అప్పుడు నువ్వు రాసిన మాట గుర్తొచ్చి, గిరాకీ ఎవరూ లేకుండా చూసి, తెల్ల పాప్లిన్ తాను ముందర వేసుకుని ఒక కన్ను మూసి చూశాను. తర్వాత రెండోది మూసి చూశాను. కుడి కంటితో చూస్తే తెలుపు కొంచెం మాసింది. ఎడమ కంటితో చూస్తే తానంతా చాయ్ ఒలికింది. మళ్ళీ చూశాను. మళ్ళీ చాయే.

ఎంత భయపడ్డానో నీకు చెప్పాలి. మా అత్త మొగిలమ్మ నీకు గుర్తుంది కదా. ఆ కొట్టు పెట్టిందే ఆమె. చూపు మందగించాక ఆమెను వెనక గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి మడతలు పెట్టమన్నారు. రంగు అడగడానికి ఎవరూ ఆమె దగ్గరికి పోయేవాళ్ళు కాదు. నన్నూ ఆ స్టూలు మీదికి పంపుతారని ఏడాదిగా నాకు లోలోపల గుబులు. ఫాల్స్ వాపస్ వచ్చినప్పుడల్లా లైట్లను తిట్టింది అందుకే.

మానసను పిలిచి, "నాకు ఎడమ కన్ను సరిగ్గ కనబడుతలేదు బిడ్డా" అన్నాను. అదేమన్నదో తెలుసా? "నాకు తెలుసు అత్తమ్మా. లైట్లు ఎందుకు మార్చిన అనుకున్నవ్? నీకు జర మంచిగ కనబడాలెనని. నంబర్లు కూడ గందుకే. నువ్వు నంబరు చూసి తీస్తే ఎవ్వలకు తెల్వదు." నేను ఆ లైట్లను ఎన్ని తిట్లు తిట్టాను! పిల్ల ఒక్క మాట పైకి అనలేదు. కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను, అవి ఎడమ కంటికి కూడా బాగానే వచ్చాయి.

ఆపరేషన్ అయిపోయింది. నీకు చెప్పకుండా చేయించుకున్నందుకు తిట్టు, పడతాను. నువ్వొస్తే నీ మొహం చూసి నేను భయపడతానని చెప్పలేదు. నువ్వన్నట్టు నిజంగా ఏమీ కాలేదు. బల్ల మీద పడుకుని వెయ్యి రామనామాలు అనుకుందామనుకుంటే సగం కూడా కాకముందే లేవమన్నారు.

మర్నాడు కట్టు విప్పారు. ఎదురుగా మా ఆయన. నేను మొదట అన్న మాట, "కొత్త అంగి ఎప్పుడు కొన్నరు?" అది రెండేళ్ళుగా నేను క్రీమ్ రంగు, క్రీమ్ రంగు అని మెచ్చుకునే అంగి. లేత నీలం అట. "నువ్వు క్రీమ్ అంటే క్రీమే అనుకున్న. రంగుల కాడ నీతోని కొట్లాడేదెవ్వరే" అన్నాడు. అట్లా నవ్వితే కంటికి మంచిది కాదని నర్సు నన్ను కసిరింది.

ఇంటికొచ్చి ఐమన్ పెట్టె తెరిచాను సుల్తానా. కుడి కన్ను మూసి కొత్త కంటితో చూశాను. అమ్మో, అమ్మో. రాణి రంగు మండుతోంది. నెమలికంఠంలో నీలం ఉందే! నేను దాన్ని పచ్చ అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. వంకాయ వంకాయలాగే నిగనిగలాడుతోంది. కింది వరుసకు వచ్చాను. మూడోది బిస్కెట్టు. నాలుగోది నీ బిడ్డ వలీమా రంగు. గల్లా పెట్టెలోంచి నీ ముక్క తెప్పించి పక్కన పెట్టి చూశాను. పద్దెనిమిది ఉన్నాయే. ఐమన్‌కు చెప్పు, పెట్టె మంచిదే అని.

నంబర్ల అట్టలకు నేను ఒప్పుకున్నాను. ఒక షరతు. నంబరు పక్కన పేరు ఉండాలి, ఆ పేరు నేను చెప్పాలి. మానస పెన్ను పట్టుకుని రాస్తోంది, నేను ఒక్కో తాను చూసి చెప్తున్నాను. రోజూ మధ్యాహ్నం మాకు అదే పని. నిన్న ఒకదానికి 'మామిడి పూత' అన్నాను. "గిది ఇంతకుముందు ఏం రంగు అత్తమ్మా?" అంది. పోయినేడు దాన్ని తెలుపని అమ్మాను.

కంటికి రంగులు నెలదాకా వద్దన్నాడు డాక్టర్. కుడి కన్ను ఎండాకాలం తర్వాత చేస్తారు. లైనింగ్ పంపడానికి కొంచెం ఆగు. ఈ కంటికి ఎండ ముందర నిలబడే శక్తి రావాలి. ఇప్పుడు చెప్పు, టైమున్నదా?

నీ
సావిత్రి


వరంగల్,
మార్చి చివర.

సుల్తానాకు,

పండుగ ముబారక్. షీర్ ఖుర్మా డబ్బా అందింది, మా ఆయనే సగం ఖాళీ చేశాడు.

ఇందులో సాటిన్ ఉంది. మొదటి తాను ఎండలోకి తీసుకుపోతే గులాబీ కొట్టింది, వద్దన్నాను. రెండోది లైట్ల కింద బాగుంది, బయట వెలవెలబోయింది. కొట్లో ఉన్నవన్నీ చూశాను. చివరికి మానసను స్టూలెక్కించి పై అరలోంచి ఒక పాత తాను దింపించాను. నా పాత కంటికి అది బిస్కెట్ అరలో పెట్టాల్సిందిగా కనబడి, అక్కడ పడేసినట్టున్నాను. బయట మెట్ల మీద ఎండలో నీ నెట్టు ముక్క దానిమీద పరిచాను. కొత్త కంటితో చూశాను. మానసను చూడమన్నాను. బజార్లో పోయే ఒకామెను కూడా ఆపి చూడమన్నాను.

ఇంక నేనేమీ చెప్పను. నువ్వే ఎండలో చూసుకో. తేడా ఉంటే ఈసారి వాపస్ పంపు. మంచిగున్నదని రాయకు. నేను పడతాను.

డాక్టర్ ఇక రంగేసుకోవచ్చన్నాడు.

సావిత్రి


నర్సంపేట,
ఏప్రిల్ మొదటి వారం.

సావిత్రీ,

పార్సిల్ బస్టాండ్ నుంచి ఈయన తెచ్చేసరికి మిట్ట మధ్యాహ్నం. కవరు చింపకుండానే వాకిట్లోకి పోయాను. సాటిన్ పరిచి, దానిమీద నెట్టు వేశాను. నెట్టు ఎక్కడ ఆగిందో, లైనింగ్ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి వెతకాల్సి వచ్చింది. సారలమ్మ దారిలో పోతూ ఆగి, "ఒక్కటే బట్ట లెక్కున్నది గదక్కా, లైనింగేది?" అన్నది. ఆ మాట నీకు చేర్చాలనే ఇవ్వాళే కూర్చుని రాస్తున్నాను.

మంచిగున్నదని రాయొద్దన్నావు. రాయను. కత్తెర తీసుకుని కోశాను. బట్ట మిషన్ మీద సగం కుట్టి ఉంది, మిగతాది ఐమన్ వచ్చాక కొలతలు చూసి.

ఒక్క సంగతి. వలీమా నాడు పెండ్లికూతురుకు మేకప్ ఐమన్ దోస్తులు హైదరాబాదు నుంచి వచ్చి చేస్తారట. అది వాళ్ళిష్టం. నీ కళ్ళకు మాత్రం ఎవరూ చెయ్యి పెట్టొద్దు. పొద్దున్నే బస్సుకు రా. నెమలికంఠం చీర కట్టుకుని, ఆ పెట్టె పట్టుకుని రా. నా బంగారు రంగు సగం అయిపోయింది, ఈయన వల్ల. నీ పెట్టెలోది నేనూ వాడతాను.

నాకు ఈ కొన్ని నెలల్లో చెయ్యి తిరిగింది. వాకిట్లో ఎండకు కుర్చీ వేస్తాను, అందులో కూర్చో. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూసే పని ఈసారి నీకు లేదు. రెండు కళ్ళూ మూసుకో. నేను చూస్తాను.

నీ
సుల్తానా